కెగ్‌లో బాగున్న బీరు సీసాలోకి పోస్తే సగం నురగే: గ్యాస్ పోకుండా నింపే దారి చెప్పండి

డాలస్_సుబ్బు
గ్యారేజీలో 5 గ్యాలన్ల కెగ్, అంటే గ్యాస్ ఒత్తిడితో బీరు నిలవ ఉంచే పీపా, ఉంది, అందులో ఇంట్లో కాచిన అమెరికన్ పేల్ ఏల్. ఫ్రిజ్ 38 డిగ్రీల ఫారెన్‌హీట్, ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ 12 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), రెండు వారాలుగా కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ మీదే ఉంది. గ్లాసులో పోసుకుంటే చూడముచ్చటగా ఉంటుంది. రెండు వేళ్ళ మందాన నురగ, అడుగు నుంచి వరసగా బుడగలు.

వచ్చే నెల హ్యూస్టన్‌లో మా బావమరిది గృహప్రవేశం. మర్నాడు స్నేహితులందరం కూర్చుంటాం, రెండు డజన్ల సీసాలు తీసుకురమ్మన్నాడు. పార్టీ ట్యాప్‌కు (చేత్తో నొక్కే ప్లాస్టిక్ కుళాయి) చిన్న గొట్టం తగిలించి సీసాలోకి వదిలితే సగం సీసా నురగే. అది దిగేదాకా ఆగి మళ్ళీ పోస్తే మళ్ళీ నురగ. అలా నింపిన సీసాను వారం తర్వాత తెరిస్తే మూత చప్పుడు కూడా చేయలేదు. బీరు చప్పగా ఉంది, పైగా తడిసిన అట్టపెట్టె వాసన. కెగ్‌లోని అదే బీరుకు ఏ లోపమూ లేదు. సీసాలో ముందే గ్యాస్ ఒత్తిడి పెంచి నింపే కౌంటర్ ప్రెషర్ ఫిల్లర్ కొనక తప్పదా, లేక ఉన్నవాటితో నెట్టుకురావచ్చా?

సియాటిల్_శారద
ఇప్పుడే ఏమీ కొనకండి. ముందు మూడు సంగతులు చెప్పండి. నింపేటప్పుడు సీసాలు ఎక్కడున్నాయి, చల్లగానా వెచ్చగానా? లోపల తడిగా ఉన్నాయా, పొడిగానా? కెగ్ నుంచి ట్యాప్ దాకా గొట్టం పొడవెంత?

డాలస్_సుబ్బు
సీసాలు గ్యారేజీ అరలోనే. కడిగి, బోర్లించి, బాగా ఆరబెట్టాను. గొట్టం మూడు అడుగులు ఉంటుంది. రెగ్యులేటర్ 12 మీదే ఉంచి నింపాను.

సియాటిల్_శారద
డాలస్ వేసవిలో గ్యారేజీ అర! మీ రోగమేమిటో అక్కడే తేలిపోయింది. నురగ_శాస్త్రం గారు వివరంగా చెబుతారు, ఆయన వచ్చేదాకా ఆగండి.

నురగ_శాస్త్రం
పిలిచారు కాబట్టి కొంచెం విస్తరంగానే రాస్తాను.

ద్రవంలో ఎంత గ్యాస్ కరుగుతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: పైనున్న ఒత్తిడి, ద్రవం వేడి. ఒత్తిడి పెరిగితే గ్యాస్ ఎక్కువ కరుగుతుంది, ఇది హెన్రీ సూత్రం. వేడి పెరిగితే తక్కువ కరుగుతుంది. 38 డిగ్రీల దగ్గర 12 పీఎస్ఐ ఉంటే బీరులో సుమారు 2.5 పరిమాణాల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే ఒక లీటరు బీరులో రెండున్నర లీటర్ల గ్యాస్ దాగి ఉన్నట్టు. అదే బీరు 68 డిగ్రీలకు వేడెక్కితే, ఆ గ్యాస్‌ను లోపలే పట్టి ఉంచడానికి 28, 29 పీఎస్ఐ కావాలి. సుబ్బు గారి సీసాలు 68 కంటే చాలా వెచ్చగా ఉండి ఉంటాయి, వాటిలో ఒత్తిడి సున్నా. వేడి గాజు తగలగానే బీరులోని గ్యాస్ బయటికి పరుగెత్తుతుంది. నురగంటే అదే.

రెండో కారణం గొట్టం. 12 పీఎస్ఐతో వచ్చే ధార మూడడుగుల గొట్టంలో నెమ్మదించదు. లోపలి వ్యాసం 3/16 అంగుళాలున్న గొట్టం పది అడుగులు ఉంటే, గోడల రాపిడికే ఒత్తిడి చాలావరకు ఖర్చయిపోయి ధార మెత్తగా వస్తుంది. పొట్టి గొట్టంలో ఆ ఒత్తిడంతా ట్యాప్ దగ్గర ఒక్కసారిగా విడుదలై బీరును చిలికేస్తుంది.

మూడోది పొడి గాజు. పొడి గోడ మీది దుమ్ము కణాలు, గీతలు, ఆరిన నీటి మరకలు అన్నీ బుడగలు పుట్టే చోట్లే. తడి గోడ మీద బీరు జారిపోతుంది.

ఇక అట్టపెట్టె వాసన వేరే విషయం. అది ఆక్సిజన్ పని. నురగ దిగేదాకా మీరు ఆగిన ప్రతిసారీ సీసాలోకి గాలి దిగింది. ఆ వాసనకు కారణమని అందరూ చెప్పే పదార్థం ట్రాన్స్-2-నోనెనాల్. బీరు పాతబడేకొద్దీ, వెచ్చగా ఉండేకొద్దీ అది బయటపడుతుంది.

మెల్‌బోర్న్_మూర్తి
సీసాలను రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి నింపితే సరి. నేనెప్పుడూ అలాగే చేస్తాను.

సియాటిల్_శారద
మూర్తి గారూ, ఇక్కడ మీతో ఏకీభవించను. ఫ్రీజర్‌లో పెట్టిన సీసా లోపలి గోడకు మంచు పలుకులు పడతాయి. ప్రతి పలుకూ బుడగకు పుట్టినిల్లే. ఫ్రిజ్ చల్లదనం చాలు. బీరూ సీసా ఒకే చలిలో ఉండాలి, ఒకటి గడ్డకట్టేంత చల్లగా ఉండనక్కర్లేదు.

మెల్‌బోర్న్_మూర్తి
మా ఫ్రీజర్‌లో పొడి సీసాలు పెడతాను, మంచు అంతగా పట్టదు. తడి సీసాలు పెడితే మీరన్నట్టే అవుతుందని ఒప్పుకుంటాను. కానీ వేసవిలో ఫ్రిజ్ నిండా కూరగాయలుంటే రెండు డజన్ల సీసాలకు చోటెక్కడ?

సియాటిల్_శారద
ఐసు నీళ్ళ తొట్టి! పెద్ద ఐస్‌బాక్సులో ఐసు, నీళ్ళు, క్రిములను చంపే స్టార్ శాన్ ద్రావకం కలిపి సీసాలను అందులో ముంచండి. లీటరుకు 1.5 మిల్లీలీటర్లు కలిపితే సరిపోతుంది. సీసా శుభ్రపడుతుంది, చల్లబడుతుంది, లోపల తడిగానూ ఉంటుంది. తీసి వంచేసి వెంటనే నింపేయాలి. సీసాలో కొద్దిగా మిగిలిన స్టార్ శాన్ నురగ చూసి భయపడకండి, దాన్ని మళ్ళీ నీళ్ళతో కడిగేయకండి.

టొరంటో_తెనాలి
ఫిల్లర్ కొనాలా అన్న ప్రశ్నకు నా జవాబు: అక్కర్లేదు. పార్టీ ట్యాప్, గట్టి ప్లాస్టిక్ గొట్టం, రబ్బరు బిరడా. ఇంతే.

గొట్టం అంటే బీరును ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రకు దించేటప్పుడు వాడే ర్యాకింగ్ కేన్. కింది కొసను ఏటవాలుగా కోయండి, లేకపోతే అది సీసా అడుగుకు అతుక్కుని ధారను ఆపేస్తుంది. మధ్యలో రంధ్రం ఉన్న రెండో నంబరు బిరడాను గొట్టానికి తొడగండి. మామూలు బీరు సీసా మూతికి ఆ కొలత సరిపోతుంది. బిరడా మూతిలో బిగిసినప్పుడు గొట్టం కొస అడుగును తాకేలా పైకీ కిందికీ జరిపి చూసుకోండి. గొట్టం పై కొసను పార్టీ ట్యాప్ ముక్కులోకి గట్టిగా దూర్చండి.

ఇప్పుడు అసలు పని. కెగ్ ఒత్తిడి బాగా తగ్గించండి, దాని గురించి శారద గారు చెబుతారు. చల్లటి తడి సీసాలో బిరడా బిగించి ట్యాప్ నొక్కండి. మొదట అడుగున వేలెడు నురగ లేస్తుంది. సీసాలోని గాలి ఎటూ పోలేదు కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది, ధార సన్నబడుతుంది, కాసేపటికి దానంతట అదే ఆగిపోతుంది. ఆగిందంటే సీసాలో, కెగ్‌లో ఒత్తిడి సమానమైందని అర్థం. అప్పుడు బొటనవేలితో బిరడా అంచును ఒక పక్కకు నొక్కండి, వెంట్రుకవాసి సందు చాలు. సన్నగా ‘సుయ్’ మంటూ గాలి పోతుంది, ధార మళ్ళీ మొదలవుతుంది. ఎంత సందు ఇస్తే అంత వేగం. మీ వేలే కుళాయి. తొందరపడి బిరడా ఎత్తేస్తే మాత్రం నురగ మొహాన కొడుతుంది.

నురగ సీసా మెడలోకి రాగానే ట్యాప్ వదిలేయండి. బిరడా అలాగే ఉంచి, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. బుడగలు సర్దుకుంటాయి. అప్పుడు బిరడాను మెల్లగా సడలించి గొట్టం పైకి తీయండి. గొట్టం ఆక్రమించిన మేర ఖాళీ ఏర్పడుతుంది, సీసాలో మామూలుగా ఉండవలసిన ఖాళీ దాదాపు అంతే.

మూత పెట్టేటప్పుడు నురగ మూతి దాకా ఉండాలి. నురగలో ఉన్నది కార్బన్ డయాక్సైడ్, కాబట్టి అది మెడలోని గాలిని బయటికి నెట్టేస్తుంది. నురగ మీదే మూత బిగించాలి. నురగ రాకపోతే సీసాను మునివేళ్ళతో తట్టండి, లేస్తుంది.

కెగ్గు_కబుర్లు
తెనాలి గారి పద్ధతి పేల్ ఏల్‌కు, గృహప్రవేశానికి సరిపోతుంది. నేనూ కాదనను. కానీ అదే అన్నిటికీ చాలంటే ఒప్పుకోను. మసకగా ఉండే న్యూ ఇంగ్లండ్ ఐపీఏ అనే బీరు రకం తీసుకోండి. దానికి కొంచెం గాలి తగిలినా రంగు నారింజ నుంచి మురికి గోధుమ రంగులోకి దిగిపోతుంది, మామిడిపండు వాసన పోతుంది. బిరడా పద్ధతిలో మొదట సీసాలో ఉన్నది గాలే కదా. బీరు ఆ గాలి కిందే నిండుతోంది, అదీ ఒత్తిడితో.

కౌంటర్ ప్రెషర్ ఫిల్లర్‌లో ముందు సీసాలోకి కార్బన్ డయాక్సైడ్ పంపి గాలిని వెళ్ళగొడతాం. తర్వాత సీసాను కెగ్ ఒత్తిడికి తెస్తాం. ఆ తర్వాతే బీరు. రెండు పక్కలా ఒత్తిడి సమానం కాబట్టి బీరులోంచి గ్యాస్ బయటికి రావలసిన అవసరమే ఉండదు. కెగ్ ఒత్తిడి తగ్గించనక్కర్లేదు కూడా. పోటీకి పంపే సీసాలకు, నెలల తరబడి దాచే సీసాలకు ఇదే సరైన దారి.

టొరంటో_తెనాలి
గాలి సంగతి నిజమే, కానీ దానికి విరుగుడు ఉంది. బిరడా పెట్టేముందు గ్యాస్ గొట్టాన్ని సీసా అడుగు దాకా దించి, తక్కువ ఒత్తిడితో కొన్ని క్షణాలు గ్యాస్ వదలండి. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, అడుగున చేరి గాలిని పైకి నెడుతుంది. నూటికి నూరుపాళ్ళు పోదు, చాలావరకు పోతుంది.

కెగ్గు_కబుర్లు
‘చాలావరకు’ అన్నచోటే మన ఇద్దరికీ తేడా. వారంలో తాగేవాళ్ళకు మీ మాట, నిల్వ ఉంచేవాళ్ళకు నా మాట.

న్యూజెర్సీ_నాగమణి
మధ్యేమార్గంగా బ్లిక్‌మన్ బీర్‌గన్ ఉంది. అది కౌంటర్ ప్రెషర్ కాదు, సీసాలో ఒత్తిడి పెంచదు. కానీ ఒకే పరికరంలో గ్యాస్ మీట, బీరు మీట రెండూ ఉంటాయి. గ్యాస్‌తో గాలిని తోసేసి, అడుగు నుంచి మెల్లగా నింపవచ్చు. ఒక చేత్తో అయిపోతుంది. దీనికి మాత్రం కెగ్ ఒత్తిడి తగ్గించాలి, గొట్టం పొడవుగా ఉండాలి.

డాలస్_సుబ్బు
అందరికీ ధన్యవాదాలు, ఐసు తొట్టి, బిరడా రెండూ చేస్తాను. ఇంకొక ఆలోచన. గ్యాస్ ఎలాగూ కొంత పోతుంది కదా, ఒక్కో సీసాలో కాస్త చక్కెర వేసి మూత బిగిస్తే? బీరును పులియబెట్టిన ఈస్ట్ ఎలాగూ ఉంటుంది, పోయిన గ్యాస్ తిరిగి వస్తుంది.

నురగ_శాస్త్రం
వద్దు. దయచేసి వద్దు.

లెక్క చూడండి. లీటరుకు 4 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు ఒక పరిమాణం గ్యాస్ వస్తుంది. గ్యాస్ ఎక్కించని బీరుకు మామూలుగా 19 లీటర్లకు 140 గ్రాముల దాకా చక్కెర వేస్తారు, అది లీటరుకు 7 గ్రాముల పైమాటే. మీ బీరులో ఇప్పటికే 2.5 ఉంది. ఆ కొలతలో చక్కెర వేస్తే మొత్తం 4 దాటుతుంది. మామూలు 355 మిల్లీలీటర్ల సీసాకు 3 దాటడమే ప్రమాదం. వెచ్చటి కారు డిక్కీలో ఆ సీసా పేలితే గాజు ముక్కలు సీటు గుడ్డను చీలుస్తాయి, మనిషి పక్కన ఉంటే చెప్పనక్కర్లేదు.

చక్కెరతో సీసాలోనే గ్యాస్ పుట్టించడం మంచి పద్ధతే, కానీ అది గ్యాస్ లేని బీరుకు. కెగ్‌లో గ్యాస్ ఎక్కించాక ఆ దారి మూసుకుపోయినట్టే. పోయే గ్యాస్ గురించి బెంగగా ఉంటే నింపడానికి రెండు రోజుల ముందు రెగ్యులేటర్‌ను ఒకటి రెండు పీఎస్ఐ పెంచండి. నింపేటప్పుడు పోయేది దానితో సరిపోతుంది.

న్యూజెర్సీ_నాగమణి
చక్కెర వేయకపోయినా సీసాలు పేలిన సందర్భం మా బృందంలోనే ఉంది. ఒకాయన ఐపీఏ కాచి, పులియడం ముగిశాక హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) దండిగా వేసి, కెగ్‌లో గ్యాస్ ఎక్కించి, సీసాల్లో నింపి వంటగది అలమరలో పెట్టారు. కొన్ని వారాలకు రెండు సీసాలు పగిలాయి, మిగిలినవి తెరిస్తే ఫౌంటెన్‌లా లేచాయి. పాడు సూక్ష్మజీవి చేరిందేమోనని అందరూ అనుకున్నారు. అసలు కారణం వేరు. హాప్స్‌లో ఉండే ఎంజైములు, ఈస్ట్ తినలేని పెద్ద చక్కెరలను చిన్న ముక్కలు చేస్తాయి. ఈస్ట్ మళ్ళీ పనిలోకి దిగుతుంది. దీన్నే హాప్ క్రీప్ అంటారు. చల్లటి కెగ్‌లో ఈస్ట్ నిద్రపోతుంది కాబట్టి బయటపడదు, వెచ్చటి అలమరలో మేలుకుంటుంది.

అందుకని కెగ్ నుంచి నింపిన సీసాలు, ముఖ్యంగా హాప్స్ ఎక్కువ వేసినవి, ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే పేలుడు భయం తగ్గుతుంది, రుచీ నిలుస్తుంది.

సియాటిల్_శారద
నాగమణి గారి మాటకు నా ఓటు. గోధుమ బీరు వాళ్ళకు కూడా ఒక మాట: హెఫెవైజెన్‌కు 3.3 పరిమాణాలు, ఆ పైన గ్యాస్ ఎక్కించేవారు దాన్ని పల్చటి సీసాల్లో నింపకండి. మందంగా ఉండే 500 మిల్లీలీటర్ల జర్మన్ సీసాలు దొరుకుతాయి.

సుబ్బు గారూ, ఒత్తిడి తగ్గించే క్రమం ఇది. సిలిండర్ నుంచి కెగ్‌కు వెళ్ళే గ్యాస్ కవాటం మూయండి. కెగ్ మూత మీది రింగు లాగి పైనున్న గ్యాస్ వదిలేయండి. రెగ్యులేటర్‌ను 3, 4 పీఎస్ఐ దగ్గర పెట్టి కవాటం మళ్ళీ తెరవండి. మొదటి గ్లాసు పోసి పక్కన పెట్టుకోండి, దానితో గొట్టం, ట్యాప్ చల్లబడతాయి. ఆ గ్లాసు నింపేవారి కూలి. ఎక్కడా ఆపకుండా సీసాలన్నీ నింపి, అయిపోగానే తిరిగి 12కు తెచ్చేయండి. కెగ్‌ను రాత్రంతా 3 మీద వదిలేస్తే మిగిలిన బీరు చప్పబడటం మొదలవుతుంది.

గోలీసోడా_గుంటూరు
ఈ చర్చ చదువుతుంటే మా నాన్నగారి సోడా కొట్టు కళ్ళముందు కదిలింది. మీరందరూ కౌంటర్ ప్రెషర్ అంటున్నది మేము చిన్నప్పుడు రోజూ చూసిన పనే.

గోలీసోడా సీసాకు పేటెంటు తీసుకున్నది హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, 1872లో. సీసా మెడలో గాజు గోలీ, మూతి లోపల రబ్బరు వాషరు. ముందు సీసాలో నీళ్ళు పోసి, ఇనుప చట్రంలో బిగించి, సిలిండర్ నుంచి గ్యాస్ వదిలి, పిడి పట్టుకుని చట్రాన్ని గిరగిరా తిప్పుతారు. తిప్పడంతో గ్యాస్ నీళ్ళలో కరుగుతుంది. సీసా తలకిందులుగా ఉన్నప్పుడు గోలీ జారి వాషరు మీద కూర్చుంటుంది. ఇక లోపలి గ్యాసే దాన్ని అదిమి పట్టుకుంటుంది. వేరే మూత లేదు, ఒత్తిడే మూత.

నాన్నగారు ఎండాకాలంలో నీళ్ళ కుండను రాత్రే నింపి తడి గోనె చుట్టేవారు. చల్లటి నీళ్ళే గ్యాస్ పట్టుకుంటాయి, వేడి నీళ్ళతో చేస్తే గిరాకీ తిరిగి రాడు అనేవారు. హెన్రీ సూత్రం పేరు ఆయనకు తెలియదు, పని మాత్రం దాని ప్రకారమే నడిచింది. చట్రానికి ఇనుప తలుపు ఎందుకుండేదో కూడా చెప్పాలి. పగుళ్ళున్న సీసా తిరిగేటప్పుడు పేలేది. ఆ తలుపు వేయకుండా పిడి ముట్టనిచ్చేవారు కాదు. మీరు కూడా పాత సీసాలను వెలుతురుకు ఎత్తి చూసి, మూతి దగ్గర పెచ్చు లేచినవి, గీతలు పడినవి పక్కన పడేయండి. నింపేటప్పుడు కళ్ళద్దాలు, చేతికి మందపాటి తొడుగు తప్పనిసరి.

నురగ_శాస్త్రం
ఇంత మంచి టపా ఈ విభాగంలో చూసి చాలాకాలమైంది. నాన్నగారికి నమస్కారాలు.

కెగ్గు_కబుర్లు
‘ఒత్తిడే మూత’. నా వాదన మొత్తం రెండు ముక్కల్లో చెప్పేశారు.

భాగ్యనగర్_బుడగ
హైదరాబాదులో ఉంటాను. ఈ సామాను తెప్పించుకుని ఇక్కడ ఇంట్లో బీరు కాచుకోవచ్చా? సొంతానికే, అమ్మకానికి కాదు.

న్యూజెర్సీ_నాగమణి
కుదరదండీ. మద్యం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో ఉంది. ఆంధ్రలో, తెలంగాణలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తయారు చేయడం నేరం, సొంతానికైనా అంతే. అక్కడి మైక్రోబ్రూవరీలు లైసెన్సుతో నడుస్తాయి.

అమెరికాలో కూడా ఇది ఎప్పటి నుంచో ఉన్న హక్కు కాదు. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో సమాఖ్య స్థాయిలో అనుమతి వచ్చింది. ఇంట్లో ఒక్కరే పెద్దవారుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200. అమ్మకూడదు. రాష్ట్రాల చట్టాలు వేరు, మిసిసిపీ, అలబామా 2013లో గాని ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో 1963లో లైసెన్సు అవసరం తీసేశారు.

గోలీసోడా_గుంటూరు
భాగ్యనగర్ గారూ, నిరాశపడకండి. అదే కెగ్, అదే రెగ్యులేటర్, అదే బిరడాతో నన్నారి సోడా చేసుకోండి. నీళ్ళను బాగా చల్లబరచి 30 పీఎస్ఐ దగ్గర గ్యాస్ ఎక్కించండి, సోడాకు బీరు కంటే ఘాటు ఎక్కువ కావాలి. నన్నారి పాకం, నిమ్మరసం గ్లాసులో కలుపుకోండి. కెగ్‌లోనే పాకం కలిపితే గొట్టాలకు వాసన పట్టి వదలదు.

మెల్‌బోర్న్_మూర్తి
సోడాకైనా బీరుకైనా నేను ప్లాస్టిక్ సీసాల పక్షం. లీటరు కూల్‌డ్రింక్ సీసాకు సరిపోయే కార్బొనేషన్ మూతలు వస్తాయి, వాటికి కెగ్‌కు ఉన్నట్టే గ్యాస్ కనెక్టర్ తగులుతుంది. సీసాను నొక్కి గాలి తీసేసి, మూత బిగించి, గ్యాస్ పట్టి, కెగ్ బీరు గొట్టాన్ని నేరుగా దానికి తగిలించి, ఒత్తిడిని కొద్దికొద్దిగా వదులుతూ నింపుతాను. కౌంటర్ ప్రెషర్ లాభం చవకగా దక్కినట్టే. గాజు పగిలే బాధ లేదు. ప్లాస్టిక్ గోడలోంచి ఆక్సిజన్ మెల్లగా దూరుతుంది కాబట్టి రెండు వారాల్లో తాగేయాలి.

కెగ్గు_కబుర్లు
మూర్తి గారూ, ఇది చాలా మంచి సలహా. విందుకు తీసుకువెళ్ళడానికి నేనూ ఇదే చెప్పేవాణ్ణి.

టొరంటో_తెనాలి
గృహప్రవేశానికి కూల్‌డ్రింక్ సీసాలో బీరా! బావమరిది ఏమనుకుంటాడు? గాజు సీసాకు చేతిరాత చీటీ అంటించి ఇస్తే దాని అందమే వేరు.

మెల్‌బోర్న్_మూర్తి
పిల్లలు తిరిగే ఇల్లు, తెనాలి గారూ. కూల్‌డ్రింక్ అనుకుని పిల్లలు ఎత్తే ప్రమాదం ఉందంటే ఒప్పుకుంటాను. దానికి మీ చేతిరాత చీటీయే సమాధానం, పెద్ద అక్షరాలతో రాసి అంటించాలి.

కొలంబస్_కమల
సీసా రంగు గురించి ఎవరూ అనలేదు. గోధుమ రంగు సీసాలే వాడండి. వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విరిగి ఘాటైన చెడు వాసన వస్తుంది, ఉడుత జాతి స్కంక్ వదిలే కంపుతో పోలుస్తారు ఇక్కడివాళ్ళు. పారదర్శక, ఆకుపచ్చ సీసాలు ఎండను ఆపలేవు.

న్యూజెర్సీ_నాగమణి
కమల గారూ, సలహా నూటికి నూరుపాళ్ళు సరైనది. స్కంక్ మాత్రం ఉడుత జాతి కాదండీ, వేరే కుటుంబం.

కొలంబస్_కమల
సరిదిద్దినందుకు సంతోషం. కంపు మాత్రం అదే.

డాలస్_సుబ్బు
హ్యూస్టన్ దాకా కారులో నాలుగు గంటలు. దారిలో సీసాల సంగతి?

సియాటిల్_శారద
ఐస్‌బాక్సులో నిలబెట్టి తీసుకువెళ్ళండి, డిక్కీలో విడిగా వద్దు. చేరాక కనీసం రాత్రంతా ఫ్రిజ్‌లో కదలకుండా ఉండనివ్వండి. కుదుపుకు లేచిన బుడగలు సర్దుకోకముందే తెరిస్తే మళ్ళీ నురగే.

విమానంలో వెళ్ళేవారికి: 24 శాతం, అంతకంటే తక్కువ ఆల్కహాల్ ఉన్నవాటికి అమెరికా దేశీయ విమానాల్లో చెక్-ఇన్ సామానులో విమానాశ్రయ భద్రత చూసే టీఎస్ఏ పరిమితి పెట్టలేదు. బాగా చుట్టి పెట్టుకోండి. తపాలాలో మాత్రం పంపకూడదు, అమెరికా తపాలా శాఖ మద్యాన్ని తీసుకోదు.

నురగ_శాస్త్రం
కెగ్‌నే తీసుకువెళ్ళాలనుకునేవారికి ఒక హెచ్చరిక. గ్యాస్ సిలిండర్‌ను కారులో నిలువుగా కట్టేయండి, అద్దం కొంచెం దించండి. గది వేడిమిలోనే సిలిండర్ లోపల 800 పీఎస్ఐ పైన ఉంటుంది, ఎండలో ఇంకా పెరుగుతుంది. కారినా రంగూ వాసనా ఉండవు, మూసిన కారులో ప్రాణాంతకం.

డాలస్_సుబ్బు
పోయిన వారాంతం నింపేశాను. ఐసు తొట్టి, 4 పీఎస్ఐ, బిరడా, పది అడుగుల కొత్త గొట్టం. మొదటి రెండు సీసాల్లో నురగ కొంచెం ఎక్కువ వచ్చింది, తర్వాత బొటనవేలికి లెక్క తెలిసింది. నురగ మెడలో తెల్లగా నిలబడగానే మూత పెట్టి మా ఆవిడ మిషనుతో నొక్కేసింది. ఒక సీసా ఆరు రోజుల తర్వాత పరీక్షకు తెరిచాం. మూత గట్టిగా తుస్సుమంది, గ్లాసులో వేలెడు నురగ, అట్టపెట్టె వాసన లేదు. కెగ్ బీరు పక్కన పెట్టి చూస్తే గ్యాస్ ఒక్క పిసరు తక్కువ, అంతే. తెనాలి గారికి, శారద గారికి హ్యూస్టన్ నుంచి మిఠాయి పంపాలి.

టొరంటో_తెనాలి
మిఠాయి ఎందుకు, రెండు సీసాలు... శారద గారు తపాలాలో పంపకూడదన్నారు కదా. మిఠాయే పంపండి.

కెగ్గు_కబుర్లు
సంతోషం. ఆ పిసరు కూడా కావాలనిపించిన రోజున చెప్పండి, కౌంటర్ ప్రెషర్ గురించి మాట్లాడుకుందాం. ఒకటి రెండు సీసాలు పక్కన దాచి రెండు నెలల తర్వాత తెరవండి, తేడా అప్పుడు తెలుస్తుంది.

కొలంబస్_కమల
ఇదే చర్చలో నాదీ ఒక ప్రశ్న. పెళ్ళిలో మిగిలిన ఖాళీ షాంపేన్ సీసాలు దాచాను, మందంగా ఉన్నాయి. మామూలు మూత కొన్నిటికి పడుతోంది, కొన్నిటికి పట్టడం లేదు. మిషను చెడిందా?

న్యూజెర్సీ_నాగమణి
మిషను బాగానే ఉంది. సీసా మూతులే రెండు కొలతలు. అమెరికా బీరు సీసాలకు 26 మిల్లీమీటర్ల మూత. యూరప్ షాంపేన్ సీసాలకు, కొన్ని బెల్జియం బీరు సీసాలకు 29 మిల్లీమీటర్లు. అమెరికాలో తయారైన షాంపేన్ రకం సీసాల్లో చాలావాటికి 26 పడుతుంది, అందుకే మీకు కొన్ని కుదురుతున్నాయి. 29 కొలతకు మూతలూ, మిషనులో మార్చుకునే, మూతను నొక్కే గంట ఆకారపు ముక్కా విడిగా దొరుకుతాయి. ఆక్సిజన్ పీల్చే మూతలు కొంటే వాటిని ముందుగా నానబెట్టకండి, తడి తగలగానే పని మొదలుపెట్టేస్తాయి. నింపే ముందు ఒక్కసారి ముంచి తీస్తే చాలు.

కొలంబస్_కమల
అర్థమైంది. 26 పట్టేవి వేరు చేసి వాటితో మొదలుపెడతాను. ఆ సీసా మెడ పొడవు కదా, తెనాలి గారూ, ర్యాకింగ్ కేన్ అందుతుందా?

టొరంటో_తెనాలి
అందుతుంది. కోసేముందు ఆ సీసాకే కొలిచి కోయండి. పొడవు గొట్టం చిన్న సీసాకు కూడా పనికొస్తుంది, బిరడాను కిందికి జరుపుకుంటే చాలు.